ఒరాకిల్‌లో తెలుగు పేర్లకు 20 ఎందుకు సరిపోదు

ఒరాకిల్ డేటాబేస్ పట్టికలో పేరు గడికి వర్‌క్యార్2(20) (VARCHAR2) అని రాస్తే 20 అక్షరాలు పడతాయనుకుంటాం. ఒరాకిల్ మామూలుగా లెక్కించేది బైట్లను. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ, సున్నాకూ విడివిడిగా 3 బైట్లు పడతాయి. ‘రాజమహేంద్రవరం’ కంటికి 7 అక్షరాలే, కానీ లోపల 13 సంకేతాలు (విడివిడి గుర్తులు), అంటే 39 బైట్లు. ఇన్సర్ట్ చేయగానే (పట్టికలో చేర్చగానే) విలువ గడికి మించిందనే ఓఆర్ఏ-12899 లోపం వస్తుంది.

అందుకే వర్‌క్యార్2(20 క్యార్) అని స్పష్టంగా రాయాలి. అప్పుడు కూడా లెక్క సంకేతాలదే, కంటికి కనిపించే అక్షరాలది కాదు. ‘శ్రీ’ ఒక్కటే 4 తినేస్తుంది. తెలుగు పేరుకు నేనైతే 100 క్యార్‌కు తగ్గించను. పట్టికలో ఉన్న విలువల కొలత చూడాలంటే లెంగ్త్ (సంకేతాల లెక్క), లెంగ్త్‌బీ (బైట్ల లెక్క) రెండూ పక్కపక్కన నడపండి.

ఇంకో చిక్కు: 4000 క్యార్ అని ప్రకటించినా, మ్యాక్స్ స్ట్రింగ్ సైజ్ అనే ఒరాకిల్ సెట్టింగ్‌ను ఎక్స్‌టెండెడ్‌కు మార్చకపోతే 4000 బైట్ల గరిష్ఠ పరిమితి అలాగే ఉంటుంది. అంటే తెలుగులో 1333 సంకేతాలే.

పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో ఈ బాధ తక్కువ, అక్కడ వర్‌క్యార్(20) అంటే 20 సంకేతాలే. ఒరాకిల్ నుంచి అటు మార్చేటప్పుడు మాత్రం ఖాళీ స్ట్రింగ్‌ను గమనించండి. ఒరాకిల్ దాన్ని నల్‌గా (విలువే లేనట్టు) చూస్తుంది, పోస్ట్‌గ్రెస్ చూడదు.