వేలిముద్ర పడితేనే పింఛను

మాది నల్లగొండ జిల్లా చండూరు దగ్గర పద్మశాలీల ఊరు. చిన్నప్పటి నుంచి చిటికి కట్టి, అంటే రంగు అద్దే ముందు నూలుకు ముడులు వేసి, మగ్గం నేసి, చివరికి చూపు ఆనక మానేశాను. నెలకు 2,016 రూపాయల చేనేత పింఛను వస్తుంది. 2014లో తెలంగాణ సర్కారు ఆసరా పింఛను పథకం మొదలైనప్పుడు వెయ్యి ఇచ్చేవారు, అంతకుముందు రెండు వందలే. 2019లో ఇంత అయ్యింది, అక్కడే ఆగింది. 2023 ఎన్నికలప్పుడు కాంగ్రెస్ వాళ్లు నాలుగు వేలు చేస్తామన్నారు. రచ్చబండ దగ్గర ముసలోళ్లం నలుగురం కూడితే ఇప్పటికీ ఆ ముచ్చటే.

పెరగడం సంగతి తర్వాత, వచ్చేది చేతిలో పడటమే నాకు గండమైంది. నూలు మీద రబ్బరు పట్టీ బిగించి ముడులు లాగీ లాగీ బొటనవేలి గీతలు అరిగిపోయాయి. మిషన్ మీద వేలు పెడితే తీసుకోదు.

"తాతా, వేలు మంచిగ తుడిచి పెట్టు" అంటాడు పింఛను పంచే పిలగాడు. పంచెకు తుడిచి పెడతాను. పడదు. పక్క వేలు, ఎడమ చెయ్యి, తలకు రాసుకున్న నూనె కాస్త వేలికి... అన్నీ అవుతాయి. లైన్లో వెనకవాళ్లు సణుగుతుంటారు. "ఎల్లుండి రా తాతా, సర్వర్ పనిచేస్తలేదు." ఏం అనగలను?

ఆధార్ సెంటర్‌కు పోయి వేలిముద్రలు మళ్లీ ఇచ్చాను. లేని గీతలు మళ్లీ ఎక్కడి నుంచి వస్తాయి? తర్వాత పంచాయతీ కార్యదర్శి వచ్చి తన వేలు పెట్టి ఇప్పించే పద్ధతి ఉందని తెలిసింది. పద్ధతి మంచిదే, కానీ ఆమెకు సర్వేలనీ మీటింగులనీ ఊరంతా పని. ఆమె దొరికిన రోజు డబ్బులు లేవు, డబ్బులున్న రోజు ఆమె లేదు. వరుసగా కొన్ని నెలలు తీసుకోకపోతే పేరు కొట్టేస్తారని ఎవరో అన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్.

2025లో ఫోన్‌లో ముఖం చూపించే పద్ధతి వచ్చాక ఆ బాధ తగ్గింది. కన్ను ఆర్పమంటుంది. ఆపరేషన్ అయిన కన్ను తొందరగా మూతపడదు, ఫోన్ అడుగుతూనే ఉంటుంది. అయినా వేలి కంటే నయం. చిల్లర పదహారు రూపాయలు మాత్రం ఎప్పుడూ ఉండవు. అడిగితే మరుసటి నెల మనవైపు చూడరని అందరూ ఊరుకుంటారు.

ఇంట్లో బియ్యానికి దిగుల్లేదు. ఇద్దరికీ కలిపి పన్నెండు కిలోల సన్నబియ్యం వస్తున్నాయి. కరెంటు రెండు వందల యూనిట్లు దాటం కాబట్టి బిల్లు లేదు. పైసలన్నీ మందులకే. బీపీ, షుగర్ గోలీలకు నల్లగొండ పెద్దాసుపత్రికి మా ఇంటామె పోతుంది, ఆమెకు బస్సు ఫ్రీ కాబట్టి. మా వాడలో మగవాళ్ల గోలీలన్నీ ఆడవాళ్లే తెస్తున్నారు! అక్కడ లేనివి బయట కొంటే పదిహేనో తారీఖుకల్లా చెయ్యి ఖాళీ. ఆ పైన కిరాణం ఖాతా.

ఆమెకూ పింఛను వయసు నిండింది, కానీ ఇంట్లో ఒక్కరికే ఇస్తామన్నారు. "నువ్వు పోతేనే నాకు వస్తదట" అని నవ్వుతుంది. నవ్వులాటకు అన్నా నిజమే. ఆధార్‌లో ఆమె పేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంది. రేపు పింఛను ఆమె పేరున మారాలంటే అది అడ్డం పడుతుందని మీసేవలో సవరణకు పెట్టాం. రసీదు ఇచ్చారు, కార్డు ఇంకా రాలేదు.