రెండూ నీ రంగులే

"నన్ను ఎంచుకోమంటావు, కానీ రెండూ నీ రంగులే కదా అమ్మా!" అని పదకొండేళ్ల మా అమ్మాయి రంగుల చీటీలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. తన గది గోడల సంగతి. ఒకటి గంధం రంగు. రెండోదీ గంధం రంగే, కాస్త ఇసుక కలిసినట్టుంటుంది.

ఆ మాట అన్నది ఇంగ్లీషులో. మామూలుగా అయితే "తెలుగులో చెప్పు" అనేదాన్ని. ఆ వేళ నోరు రాలేదు. అంతకుముందు అరగంటసేపు అవే చీటీల మీద మా ఆయనతో నేను పోట్లాడిందీ ఇంగ్లీషులోనే మరి. 'అండర్‌టోన్'కు, అంటే రంగు లోపల దాగిన మరో రంగుకు, లోఛాయ అనవచ్చని తర్వాతెప్పుడో తట్టింది.

ఇలాంటి దగ్గరి రంగుల మధ్య చిక్కుకున్నవాళ్లకు నాలుగు మాటలు చెప్పగలను. చీటీని తెల్ల కాగితం మీద పెట్టి చూడండి, లోపల దాగిన పసుపో గులాబీయో బయటపడుతుంది. పెద్ద అట్టకు రెండు పూతలు వేసి, ఆరాక ఒక్కో గోడకూ ఆనించి చూడండి. ప్రతి రంగుకూ ఎల్‌ఆర్‌వీ (లైట్ రిఫ్లెక్టెన్స్ వాల్యూ) అని ఒక అంకె ఉంటుంది: 0 అయితే వెలుగునంతా మింగేస్తుంది, 100 అయితే అంతా తిప్పికొడుతుంది. నా రెండు రంగులకూ తేడా 64కూ 66కూ ఉన్నంత! రాత్రి 2700 కెల్విన్ బల్బు, అంటే పసుపు వెలుగు బల్బు, కింద రెండూ మరింత పసుపెక్కుతాయి.

ఇంత శాస్త్రం చదివి, ఆ గదిలో పడుకునేది ఎవరో మరిచిపోయాను. కాదు, మరవలేదు. అది ముదురు నీలం కావాలని రెండు వారాల క్రితమే అడిగింది. "గది చీకటైపోతుంది" అన్నాను. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. శనివారాల విషయంలోనూ ఇదే చేశాను: తెలుగు బడా, సంగీతమా, నీ ఇష్టం అన్నాను. అది అడిగిన ఈత ఆ లెక్కలోకే రాలేదు.

నిన్న రాత్రి అట్టలు రెండూ దాని మంచం పక్కన నిలబెట్టి, దీపం వేసి పిలిచాను. ఇసుక కలిసినదాన్ని చూపించి, "ఇది ఏడుపు ముఖంలా ఉంది" అంది. తెలుగులోనే! చూస్తే నిజంగానే గులాబీ జీర. తెల్ల కాగితం పెట్టి మరీ చూసినా ఇన్నాళ్లూ నాకు కనిపించలేదు.

ఆ సంబరంలో గంధం రంగు డబ్బాలకు ఆర్డరు పెడదామని అట్టలు తీస్తుంటే, వెనక నుంచి ఒక ముదురు నీలం చీటీ జారిపడింది. ఎల్‌ఆర్‌వీ 8.

దాన్ని మళ్లీ అట్ట వెనకే పెట్టేశాను. ఆర్డరు ఇంకా పెట్టలేదు.