నాన్న పేరు నుంచి అమ్మ ఖాతాకి: రైతుబంధు, పీఎం కిసాన్‌తో నా అనుభవం

2023 సంక్రాంతి దాటాక నాన్న పోయారు. మాకున్నది రెండెకరాల ఇరవై గుంటలు, అంతా పత్తి చేను. అప్పటిదాకా తెలంగాణ ప్రభుత్వం పెట్టుబడి సాయంగా ఇచ్చిన రైతుబంధు ఎకరానికి సీజన్‌కి 5,000 చొప్పున, కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ ఏడాదికి మూడు విడతల్లో 6,000 నాన్న ఖాతాలోనే పడేవి. నాన్న వయసు అరవై దాటింది కాబట్టి, రైతు చనిపోతే ఇంటివాళ్లకి వచ్చే రైతుబీమా ఐదు లక్షల ఊసే లేదు. మిగిలిన రెండూ అమ్మ పేరు మీదికి మార్పించే పని నాకు పడింది.

ముందు భూమి అమ్మ పేరున ఎక్కాలి. మీసేవలో ధరణి (అప్పటి భూరికార్డుల పోర్టల్) స్లాట్ బుక్ చేయడానికి మరణ ధ్రువీకరణ పత్రం, నాన్న పాస్‌బుక్కు, వారసులందరి ఆధార్‌లు, వీటితో పాటు ఒప్పంద పత్రం కావాలన్నారు. అంటే అక్క, నేను, తమ్ముడు ముగ్గురం భూమి అమ్మకేనని సంతకాలు పెట్టాలి. నాకు టెన్షన్ అంతా అక్క గురించే. "సంతకం పెడితే నీకేం మిగుల్తది" అని అత్తగారి ఊళ్లో ఎవరో ఒకరు ఎక్కించకుండా ఉంటారా? అక్క మాత్రం "అమ్మ ఉన్నన్ని రోజులు అమ్మదే, తర్వాత సంగతి తర్వాత" అని వచ్చి పెట్టేసింది. ఫీజు ఎకరానికి 2,500, పాస్‌బుక్కుకి 300. మొగుడు పోయిన ఆడమనిషి పేరున భూమి ఎక్కించడానికి అంత ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రైతుబంధు సులువుగానే అయింది. కొత్త పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు రైతువేదికలో ఇస్తే ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) మేడమ్ ఎక్కించారు. జూన్ చివర్లో పైసలు పడడం మొదలైంది. ముందు ఎకరం లోపు వాళ్లకి, తర్వాత రెండెకరాల వాళ్లకి, అట్లా వరుసగా. ఆ రోజుల్లో ఊళ్లో ఎవరు ఎదురుపడ్డా ఒకటే మాట: "ఎన్నెకరాల దాకా పడ్డయట?" మా 12,500 వచ్చేసరికి షాపులో ఉద్దెర తెచ్చిన విత్తనాలు పెట్టడం కూడా అయిపోయింది. పేరు పెట్టుబడి సాయం, పోయింది షాపు బాకీకి.

అసలు తిప్పలు పీఎం కిసాన్‌తో. 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి పేరున ఎక్కినవాళ్లకి రాదని ఒకాయన తేల్చేశాడు. ఆ నిబంధన ఉన్నమాట నిజమే. కానీ భూమి ఉన్న మనిషి చనిపోయి వారసులకి వస్తే మినహాయింపు ఉంది. మరణ ధ్రువీకరణ పత్రం జత చేసి నాన్న పేరు ఆపించి, అమ్మకి కొత్తగా దరఖాస్తు పెట్టాం.

ఈ-కేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూసుకోవడం) దగ్గర అమ్మ వేలిముద్ర పడలేదు. కలుపు తీసీ పత్తి ఏరీ గీతలు అరిగిపోయాయి. ఆధార్‌కి ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో బంద్ అయింది, ఇక ఓటీపీ ఎక్కడిది? అదృష్టం, ఆ జూన్‌లోనే పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి కేవైసీ చేసే పద్ధతి వచ్చింది. వాకిట్లో వెలుతురుకి నిలబెట్టి కళ్లార్పమంటే, "ఫొటోకి కండ్లు మూసుకోమంటవేందిరా" అని అమ్మ ఒకటే నవ్వు.

నవంబర్ 15న 15వ విడత విడుదలైంది. స్టేటస్‌లో జమ అయినట్టే చూపిస్తోంది, అమ్మ బ్యాంకు పుస్తకంలో మాత్రం రూపాయి లేదు. బ్యాంకులో అడిగితే విషయం బయటపడింది. రైతుబంధు మనం రాసిచ్చిన ఖాతాకే వచ్చేది. పీఎం కిసాన్ అట్లా కాదు, ఆధార్ చివరగా ఏ ఖాతాకి లింకై ఉంటే అందులోకి పోతుంది. అమ్మకి ఉపాధి హామీ కూలి కోసం తీసిన ఖాతా ఒకటి వేరే బ్యాంకులో ఉంది, ఆధార్ దానికే లింకైంది. అక్కడికి పోయి ఎంట్రీ వేయిస్తే ఆ 2,000తో పాటు అమ్మ మర్చిపోయిన పాత కూలి పైసలు కూడా కనిపించాయి.

లింకు మార్పించడానికి ఫారం అడగబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "అది అట్లనే ఉండనియ్యి. ఈ బుక్కు సంగతి షాపాయనకు ఎరుక లేదు."