అద్దె తగ్గించే ముందు వేసిన లెక్క

రుషికొండ దగ్గర ఒక హోటల్ ఖాతాలు చూస్తున్న నాకు, ఈ మధ్య మా యజమానితో జరిగిన చర్చ ఇంకా మనసులో మెదులుతూనే ఉంది. ఉన్న యాభై గదుల్లో సగటున రోజుకు పది ఖాళీగా మిగులుతున్నాయి కాబట్టి, అద్దెను 3,000 నుంచి 2,400 రూపాయలకు తగ్గిద్దామని ఆయన ప్రతిపాదించారు. దుప్పట్ల ఉతుకు, అల్పాహారం, కరెంటు కలిపి గదికి 700 ఖర్చవుతుందనుకుంటే, ఇప్పుడు నలభై గదులపై రోజుకు 92,000 మిగులుతుంది. తగ్గించాక గదికి 1,700 మాత్రమే మిగులుతుంది కనుక, అంతే మొత్తం రావాలంటే యాభై అయిదు గదులు నిండాలి. లేని అయిదు గదులు ఎక్కడి నుంచి తెస్తాం?

ఆయన కాసేపు కాగితం వైపు చూసి, "మరి ఆ పది గదుల సంగతేమిటండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నెల సగటును పక్కన పెట్టి వారంలోని రోజుల వారీగా విడదీస్తే, శని, ఆదివారాల్లో గదులు దొరకనే దొరకవని, వెలితి అంతా సోమవారం నుంచి గురువారం వరకేనని తేలింది. రాయితీ ఆ నాలుగు రోజులకే పరిమితం చేశాం. అరకు యాత్రికులతో కిటకిటలాడే డిసెంబరును, హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరు లాంటి నెలను ఒకే సగటులో కలపడం నాకైతే అర్థరహితం.

ఇక మిగిలింది పాత ఏసీల మార్పిడి. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 లోపు గదులపై జీఎస్టీ 5 శాతమే అయినా, ఏసీల లాంటి కొనుగోళ్లపై మేం కట్టిన పన్నును అతిథుల నుంచి వసూలు చేసే పన్నులో తగ్గించుకునే వీలు లేదు. అందుకే ఆ పన్నును పెట్టుబడిలో కలిపి లెక్క మళ్లీ వేస్తున్నాను.