హోలీ పున్నమికి పడవ మాట్లాడాం

ఆదివారం, రాత్రి పదిన్నర

పడవ మాట్లాడేశాం. మధ్యాహ్నం మూడుంబావుకి అడ్వాన్స్ కూడా వెళ్ళిపోయింది. హోలీ పున్నమి రోజు, దాని ముందు రోజు, మొత్తం రెండు రోజులు నలుగురం అండమాన్ సముద్రంలో గాలం వేయబోతున్నాం. డబ్బులు అందాయన్న మెసేజ్‌ని ఇప్పటికి పదిసార్లు తెరిచి చూసుకుని ఉంటాను. పదో తరగతి ఫలితాలప్పుడు పేపర్లో నా నంబరు మీద వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చూసుకున్నట్టే ఉంది.

మేం నలుగురం చెరువు మనుషులం. వీలు దొరికిన ఆదివారాలు తెల్లారకముందే బయల్దేరి సంగారెడ్డి వైపో వికారాబాద్ వైపో వెళ్తాం. అక్కడి మత్స్యకార సంఘం వాళ్ళని అడిగి, వాళ్ళు సరే అంటేనే గట్టున కూర్చుంటాం. నాతోపాటు పదో తరగతి దాకా చదివిన దోస్త్ ఒకడు, మూసాపేటలో మెడికల్ షాపు నడుపుతాడు. ఆఫీసులో మా సీనియర్ ఒకాయన, అందరం అన్నా అని పిలుస్తాం. నాలుగోవాడు మియాపూర్‌లో ఉండే మా సిక్కోలు మిత్రుడు. సముద్రం మీద వేట అనే మాట మా మధ్య నాలుగేళ్ళుగా నలుగుతూనే ఉంది. పెళ్ళిళ్ళు, ఇంటి లోన్లు, పిల్లల అడ్మిషన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ మాట అక్కడే ఆగిపోయేది.

పోయిన నవంబర్‌లో ఒకసారి చేతిదాకా వచ్చి తప్పింది. ఒక ఏజెంటు సముద్రం లోపలికి తీసుకెళ్తామని చెప్పి అడ్వాన్స్ తీసుకున్నాడు. తీరా వివరాలు అడిగితే రెండు గంటల షికారు, ఒక్కో పడవలో పన్నెండు మంది, గాలాలు వంతులవారీగా ఇస్తారట. లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయంటే "ఉంటాయి సార్" అన్నాడే తప్ప అంకె చెప్పలేదు. ఆ వారమే బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది, అయినా "ఏం కాదు, వచ్చేయండి" అన్నాడు. ఆ మాటతోనే నాకు మనసు విరిగిపోయింది. అడ్వాన్స్ వెనక్కి రావడానికి నెలన్నర పట్టింది. డబ్బు సంగతి ఎలా ఉన్నా, గాలివానలో ఏం కాదు అన్నవాడి చేతిలో నలుగురి ప్రాణాలు పెట్టబోయాం కదా అన్న ఆలోచన ఇప్పటికీ నిద్రలో పొడుస్తుంది.

అందుకే ఈసారి ప్రశ్నలన్నీ ముందే నోటుబుక్‌లో రాసుకున్నాను. పొద్దున పదకొండింటికి అందరూ మా ఇంట్లో చేరారు. మా ఆవిడ పెసరట్లు వేస్తోంది. డైనింగ్ టేబుల్ మధ్యలో ఫోన్ స్పీకర్ పెట్టి పోర్ట్‌బ్లెయిర్‌లో పడవ నడిపే సరంగుకి కలిపాను (ఆ ఊరిని ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు గానీ, మాకింకా నోరు తిరగడం లేదు). అక్కడ అందరికీ అర్థమయ్యే భాష హిందీయే కాబట్టి, నేనూ హిందీలోనే మొదలుపెట్టాను. నాలుగు ముక్కలు కాగానే అటువైపు మనిషి ఆగాడు.

"తెలుగోలేనా బాబూ? అయితే తెలుగులోనే మాటాడండి."

సిక్కోలు మిత్రుడు పెసరట్టు ప్లేటు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో మన ఉత్తరాంధ్ర మత్స్యకార కుటుంబాలు తరాల నుంచి ఉన్నాయని విన్నాను గానీ, ఆ యాస అంత దూరం నుంచి నా టేబుల్ మీదకి వచ్చి వాలుతుందనుకోలేదు. ఆయన తాత కాలంలోనే శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి వెళ్ళిపోయారట. వీడి ఊరికి వాళ్ళ పాత ఊరు ఆరు కిలోమీటర్లు. ఇక పావుగంట సేపు మేం ముగ్గురం వింటూ కూర్చున్నాం. మేం వీడియోల్లో చూసి జీటీ, జీటీ అని కలవరించే జెయింట్ ట్రెవల్లీ వాళ్ళిద్దరికీ పార. టూనా అంటే సూర. సెయిల్‌ఫిష్‌కి కొమ్ముకోనాం. ఇంగ్లిష్ పేర్లతో ఉన్నన్నాళ్ళూ అవి ఎక్కడో ఉండే చేపల్లా అనిపించాయి. పార అనగానే మన చేప అయిపోయింది.

పున్నమికే ఎందుకు రమ్మన్నాడో కూడా ఆయనే చెప్పాడు. పున్నమికీ అమావాస్యకీ పోటు పెద్దది. నీళ్ళు జోరుగా కదిలితే చిన్న చేపలు మునిగి ఉన్న రాళ్ళ మీదకి కొట్టుకొస్తాయి, వాటి వెనకే పార వస్తుంది. సంక్రాంతి దాటాక ఈశాన్యం గాలి మెల్లగా తగ్గుతూ, మార్చికి సముద్రం నిమ్మళిస్తుందట. హోలీ పున్నమి సరిగ్గా అప్పుడే. సెలవు కూడా కలిసొస్తుంది. ఎంత దూరం తీసుకెళ్తారంటే ఇరవై మైళ్ళ దాకా అన్నాడు. సముద్రపు మైలు 1.852 కిలోమీటర్లు, అంటే సుమారు 37 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో మా ప్రగతి నగర్ నుంచి సంగారెడ్డి ఉన్నంత దూరం అటుఇటుగా, కాకపోతే దారిలో టీ కొట్టు గానీ ఆగడానికి నేల గానీ ఉండదు. ఆ మాట అనుకున్నప్పుడు కడుపులో ఏదో కదిలింది.

ప్రశ్నలు అడుగుతూ పోయాను. పడవ మొత్తానికి ఒకటే రేటు, నలుగురికి మించి ఎక్కించుకోడు. ఇంజన్లు రెండు, ఒకటి ఆగితే రెండో దానితో ఇంటికి వచ్చేస్తారు. జాకెట్లు ఎనిమిది. ఒడ్డుతో మాట్లాడటానికి వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంది. వెళ్ళిరావడానికి పట్టే ఆయిల్‌కి మించి ఇంకో మూడో వంతు ఎప్పుడూ ఉంచుకుంటాడు. అడిగిన ప్రతిదానికీ అంకె చెప్పాడు, నాకు అది చాలా నచ్చింది. చివర్లో అసలు ప్రశ్న అడిగాను. మేం అంత దూరం వచ్చాక గాలి లేస్తే?

"ఎల్లం బాబూ. డబ్బులు ఎనక్కిచ్చెస్తాను. ఐనా గాలి సంగతి నన్నడుగుతారేటి? మీ హైదరాబాదోలే గదా మాకు చెప్పేది!"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మా వంటింటి కిటికీ వైపు చూశాను.

ఈ ఇంట్లోకి వచ్చి ఆరేళ్ళు. రోజూ బండి మీద ఆ కాంపౌండ్ గోడ పక్క నుంచే ఆఫీసుకి వెళ్తాను. ఇండియన్ నేషనల్ సెంటర్ ఫర్ ఓషన్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్, అందరూ ఇన్‌కాయిస్ అంటారు. 1999లో పెట్టారు. అక్కడ కూర్చున్నవాళ్ళు ఉపగ్రహాలు పంపే సమాచారంలో సముద్రం పైనీటి వేడి, నీటి రంగు చూస్తారు. నీటి రంగుని బట్టి నాచు ఎక్కడ దట్టంగా ఉందో తెలుస్తుంది. నాచు ఉన్నచోటికి దాన్ని తినే చిన్న జీవాలు, వాటి కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్దవి. ఫలానా తీరం నుంచి ఫలానా దిక్కున, ఇంత దూరంలో, ఇంత లోతులో చేప ఉండొచ్చని మన తెలుగుతో సహా తీరప్రాంత భాషల్లో మత్స్యకారులకి పంపుతారు. రానున్న రోజుల్లో అల ఎంత ఎత్తున లేస్తుందో, గాలి ఎటు నుంచి ఎంత జోరుగా వీస్తుందో కూడా చెబుతారు. సముద్రం చుక్క కూడా లేని ఊరి నుంచి, అంబీర్ చెరువు తప్ప వేరే నీళ్ళు కనపడని మా పేట నుంచి, దేశంలోని పడవలన్నిటికీ కబురు వెళ్తోంది. ఆరేళ్ళు దాని పక్కనే ఉండి, దాని విలువ పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఒక సరంగు చెబితే తెలిసింది.

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. 2004 డిసెంబర్ 26, అదీ ఆదివారమే. వాళ్ళ నాన్న ఆ పొద్దున వేటలో, లోతు నీళ్ళలో ఉన్నాడట. సునామీ అల పడవ కింద నుంచి వెళ్ళిపోయినా ఆయనకి తెలియనే లేదు. ఒడ్డుకి వచ్చేసరికి ఒడ్డు ఒడ్డులా లేదు. ఇంట్లో ఎవరెవరు ఏమయ్యారని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. అప్పట్లో ముందుగా చెప్పేవాడు లేడు బాబూ అని మాత్రం అన్నాడు. సునామీ హెచ్చరిక కేంద్రం ఇదే ప్రగతి నగర్ కాంపౌండ్‌లో 2007 అక్టోబర్‌లో మొదలైంది. టేబుల్ దగ్గర ఎవరం కాసేపు మాట్లాడలేదు. పెనం మీద పెసరట్టు మాడిన వాసన వస్తే గానీ కదల్లేదు.

ఇక ఆలోచించేదేం లేదనిపించింది. మనిషికి ఎంత పడుతుందో లెక్క వేసుకుని, సగం నా ఫోన్ నుంచి పంపేశాను.

అన్న మాత్రం ఒక్క దగ్గర ఒప్పుకోలేదు. పెద్ద పారని పడితే ఫోటో తీసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేయాలన్నది సరంగు పెట్టిన షరతు. కొక్కేనికి ఉండే ఎదురుముల్లుని కూడా పటకారుతో నొక్కేస్తాడు, చేప నోరు చీరకుండా. తినడానికైతే ఒక సూరో కోనామో (ఇక్కడ మనం వంజరం అనేది) ఉంచుకోవచ్చు. "ఇంత ఖర్చు పెట్టుకుని వెళ్ళి చేతికొచ్చిన చేపని వదిలేయడమేంటి?" అని అన్న చాలాసేపు వాదించాడు. నాకు సరంగు మాటే సబబనిపించింది. ఆ చేప పెద్దదవడానికి ఏళ్ళు పడుతుంది, ఆ రాళ్ళ దగ్గర గుడ్లు పెట్టేవీ అవే. 2006లో జపాన్‌లో ఒకాయన పట్టిన పార 72.8 కిలోలు తూగింది, ఇప్పటికీ ప్రపంచ రికార్డు అదే. మా చేతికి అందులో సగం ఉన్నది తగిలినా నలుగురం కలిసి ఎత్తాలి. అలాంటిదాన్ని మళ్ళీ నీళ్ళలోకి ఈదుకుంటూ వెళ్ళనివ్వడం కూడా చూడాలని ఉంది నాకు. అన్న ఇంకా పూర్తిగా సమాధానపడలేదు. మధ్యాహ్నం రాంనగర్ మార్కెట్ నుంచి వంజరం తెచ్చి తానే పులుసు పెట్టించాడు, తిన్నాక కాస్త మెత్తబడ్డాడు.

మెడికల్ షాపు దోస్త్ పని దోస్త్ చేశాడు. పడవలో వాంతులు రాకుండా అవోమిన్ మాత్రలు తెచ్చి అందరికీ పంచాడు. ముందు రాత్రి ఒకటి, లేదంటే పొద్దున పడవ ఎక్కడానికి గంటన్నర ముందు ఒకటి. మగత వస్తుంది కాబట్టి ఒక సెలవు రోజు ఇంట్లో వేసుకుని చూసుకోమన్నాడు. అన్నకి బీపీ ఉంది, డాక్టర్ని అడిగాకే వేసుకోమని గట్టిగా చెప్పాడు. పడవలో తల తిరిగితే కిందకి, ఫోన్‌లోకి చూడకూడదు, దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసేచోట చూపు నిలపాలి.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. చెప్పకుండా వెళ్ళడం నా వల్ల కాదు.

"నీళ్ళతోటి పంతం వద్దు బిడ్డా" అంది. ఆ తర్వాత కాసేపు ఆగి, "మీ బాపు ఉంటే వస్తుండె నీతోటి" అంది.

బాపు గాలం వెదురు కర్ర. ఎర్రలు తవ్వడం, కొక్కేనికి గుచ్చడం, బెండు మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చోవడం అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కొర్రమీను కోసమైతే చిన్న కప్పని ఎరగా కట్టేవాడు. బెండు కొంచెం వణికితే లాగనిచ్చేవాడు కాదు. పూర్తిగా మునగాలి, అప్పుడు లాగాలి. పార వేటలో బెండే ఉండదట. నూట యాభై గ్రాముల చెక్క చేపని వీలైనంత దూరం విసిరి, నీటి మీద తపతపా కొట్టుకుంటూ లాక్కురావాలి. ఆ చప్పుడుకే పార పైకి లేస్తుంది. బాపు దీన్ని ఒప్పుకునేవాడో లేదో. ఒకసారి విసిరి చూసేవాడు మాత్రం తప్పకుండా.

అమ్మతో మాట్లాడాక నడుచుకుంటూ ఇన్‌కాయిస్ గేటు దాకా వెళ్ళొచ్చాను. వాళ్ళ చిరునామాలో ఓషన్ వ్యాలీ అని ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆ పేరు ఏదో అపార్ట్‌మెంట్ పేరులా చదువుకుంటూ వెళ్ళిపోయాను. ఆదివారం చీకటి పడ్డాక కూడా లోపల లైట్లు వెలుగుతున్నాయి. సునామీ కేంద్రంలో రాత్రింబగళ్ళు మనుషులుంటారు. సెక్యూరిటీ ఆయన ఏం కావాలి సార్ అని అడిగితే ఏం లేదన్నా, ఊరికే చూస్తున్నానన్నాను. ఇంటికొచ్చి ఫోన్‌లో వాళ్ళ పేజీ తెరిచి అండమాన్ మీద రేపటి అల ఎత్తు ఎంతో చూశాను. ప్రయాణానికి ఇంకా వారాలున్నాయని తెలుసు. అయినా చూశాను, ఇక రోజూ చూస్తాను.

భోజనాలయ్యాక ముడి ప్రాక్టీసు. అల్లిక దారాన్ని లావు నైలాన్ దారానికి కలిపే ముడి, ఎఫ్‌జీ నాట్ అంటారు. పెద్ద చేప లాగినప్పుడు ముందుగా జారేది ఆ ముడే కాబట్టి, ఎవరి ముడి వాళ్ళే వేసుకోవాలన్నాడు సరంగు. కిటికీ గ్రిల్లుకి అల్లిక దారం కట్టి బిగుతుగా పట్టుకోవాలి. నైలాన్‌ని ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి, ఒక చుట్టు మీద ఇంకోటి ఎక్కకుండా ఇరవై చుట్లు. ప్రతి చుట్టూ దాని పక్కదాన్ని ఆనుకుని కూర్చోవాలి, జడ అల్లినట్టు. దారం సన్నగా ఉండి వేలి మడతలో కోసేస్తోంది, రేపు చేతి తొడుగులు కొనాలి. మా పాప పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టింది. పదిహేడు దగ్గర నిద్రొచ్చి నా భుజం మీద వాలిపోయింది. కదిలితే లేస్తుందేమోనని, మిగతా మూడు చుట్లూ అలాగే ఒంటి చేత్తో వేశాను. గట్టిగా లాగి చూశాను. జారలేదు.

రేపు పొద్దున ఆఫీసుకి వెళ్ళగానే సెలవు పెట్టాలి. అన్న కూడా అదే రోజుల్లో పెడుతున్నాడు కాబట్టి, ఆయనకంటే ముందే మేనేజర్ని కలవాలి.