మైనర్ కార్డులో గాంధారం వినపడుతోందా?

ఇ మైనర్, ఎ మైనర్, డి మైనర్. గిటార్ పట్టిన మొదటి నెలలోనే నేర్చుకునే కార్డులివి, అంటే కలిపి మీటే స్వరాల గుంపులు. వేళ్లు ఎక్కడ పెట్టాలో ఏ పటం చూసినా తెలుస్తుంది. చాలా పటాల్లో కనపడని సంగతి ఒకటుంది: ఈ మూడింటిలోనూ మైనర్ గుణమంతా ఒక్క తీగ మీదే ఉంటుంది. ఆ తీగ మూగబోతే మిగతావి ఎంత బాగా మోగినా అది మైనర్ కాదు.

కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. మేజర్ కార్డంటే షడ్జమం (స), అంతర గాంధారం (గ), పంచమం (ప). మైనర్‌లో షడ్జమ పంచమాలు అవే. గాంధారం మాత్రం ఒక స్వరస్థానం దిగి సాధారణ గాంధారం అవుతుంది. గిటార్ మీద అది ఒక్క ఫ్రెట్ (మెడ మీద రెండు కమ్మీల మధ్య గడి) తేడా.

అన్నిటికన్నా సన్న తీగ ఒకటోది, లావు తీగ ఆరోది అనుకుందాం. ఇ మైనర్‌కి అయిదో తీగ రెండో ఫ్రెట్‌లో మధ్యవేలు, నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో ఉంగరపు వేలు. ఆరు తీగలూ మీటాలి. గాంధారం మూడో తీగది, దాన్ని నొక్కే పనే లేదు. ఉంగరపు వేలు వాలి దాన్ని తాకకపోతే చాలు. చూపుడు, మధ్య వేళ్లతోనూ ఇది పట్టొచ్చు గానీ, ఎ మైనర్‌కి వెళ్లేటప్పుడు పై పద్ధతే సుఖం.

ఎందుకంటే ఆ రెండు వేళ్లనూ అలాగే ఒక్కో తీగ నేల వైపు జరిపి, రెండో తీగ మొదటి ఫ్రెట్‌లో చూపుడువేలు పెడితే ఎ మైనర్ వచ్చేస్తుంది. అయిదో తీగ నుంచి మీటాలి. గాంధారం ఇప్పుడు చూపుడువేలి కింద ఉంది. మూడో తీగ మీది ఉంగరపు వేలు నిటారుగా లేకపోతే రెండో తీగను తాకి మూగబోయేలా చేస్తుంది. చూపుడువేలు ఫ్రెట్ కమ్మీకి దూరంగా ఉన్నా జుయ్‌మంటుంది.

మూడు వేళ్లనూ మళ్లీ ఒక్కో తీగ దింపి, ఉంగరపు వేలిని మాత్రం మూడో ఫ్రెట్‌కి చాపితే డి మైనర్. అంటే చూపుడువేలు ఒకటో తీగ మొదటి ఫ్రెట్‌లో, మధ్యవేలు మూడో తీగ రెండో ఫ్రెట్‌లో, ఉంగరపు వేలు రెండో తీగ మూడో ఫ్రెట్‌లో. నాలుగో తీగ నుంచి మీటాలి. పొరపాటున అయిదో తీగ మోగినా అది పంచమమే, పెద్దగా చెడదు. ఆరోది మోగితే కార్డంతా బురదవుతుంది. బొటనవేలి కొస దాన్ని తాకుతూ ఉండాలి. ఇక్కడ గాంధారం ఒకటో తీగ, అంటే కిందికి మీటినప్పుడు అన్నిటికన్నా చివర మోగేది. చెయ్యి సగంలో ఆగితే అది వినపడనే వినపడదు. ఉంగరపు వేలు అందకపోతే చిటికెన వేలు వాడండి, తప్పేమీ కాదు.

సాధనలో గాంధారం తీగను ముందు విడిగా మీటి, స్పష్టంగా మోగాకే మొత్తం మీటండి. తర్వాత మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టి, కార్డుకి 4 దెబ్బల చొప్పున మూడింటి మీదా తిరగండి.

ఇన్ని చేసినా మొదటి ఫ్రెట్ నొక్కడం నరకంగా ఉంటే వేళ్లను తిట్టుకోకండి. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్ కమ్మీ మీద ఖాళీ చూడండి. వెంట్రుకంత ఉంటే సరే. విజిటింగ్ కార్డు సులువుగా దూరితే నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడులు ఎత్తుగా ఉన్నట్టు. అలాంటి గిటార్ మీద డి మైనర్ గాంధారం శ్రుతి కూడా కొంచెం ఎక్కుతుంది. ఆ గాడులు మీరే ఆకురాయితో అరగదీయొద్దు. ఎక్కువ తెగితే ఉత్త తీగ జుయ్‌మంటుంది, చాలాసార్లు నట్టే మార్చాల్సి వస్తుంది. రిపేరు తెలిసినవాళ్లకి ఇచ్చేదాకా 12 సెట్ బదులు ఇంకా సన్నవైన 10 సెట్ తీగలు వేసుకోండి.