మూడుసార్లు రాసిన రెండు పేజీలు

ఎంబీఏలో ఆపరేషన్స్ సబ్జెక్టు మొదటి క్లాసులో పాఠమే చెప్పలేదు. బల్లల మీద పొడవాటి బోర్డులు పరిచి మమ్మల్ని కూర్చోబెట్టారు. దాన్ని బీర్ గేమ్ అంటారు, 1960ల్లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో పుట్టిన ఆట. రిటైలర్, హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ అని నాలుగు పాత్రలు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, ఆర్డర్ చీటీ మీద రాసి పక్కకు జరపాలి. సరుకు మిగిలితే ఖర్చు. అడిగినంత ఇవ్వలేకపోతే దానికి రెట్టింపు.

నేను హోల్‌సేలర్‌ని. ఆటలో మొదటి కొన్ని వారాలు 4 కేసులు, అంటే 4 పెట్టెల బీరు వచ్చేవి, 4 పోయేవి. తర్వాత రిటైలర్ చీటీల్లో అంకె పెరగసాగింది. నా దగ్గరున్న 12 కేసులు చూస్తుండగానే అయిపోయాయి. ఆర్డర్ అటు చేరి సరుకు ఇటు రావడానికి 4 వారాలు పడుతుందని ముందే చెప్పారు, బోర్డు మీద కనబడుతూనే ఉంది. అయినా టెన్షన్‌లో ప్రతి వారం ఇంకాస్త పెంచి రాశాను. ఒక వారం ఏకంగా 30. చివరికి ఆ సరుకంతా ఒక్కసారిగా వచ్చి మీద పడింది. ఇక వరుసగా సున్నాలే రాశాను.

ఆట అయ్యాక "నీ కస్టమర్లు ఇంత అడిగారా?" అని రిటైలర్ మీదకు వెళ్లాను. మేడమ్ కస్టమర్ చీటీలు తిప్పి చూపించారు. 4 నుంచి 8కి ఒకే ఒక్కసారి పెరిగింది. ఆ తర్వాత చివరిదాకా ఎనిమిదే.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. రెండు పేజీల్లో అనుభవాన్ని రాసివ్వాలి. అనుభవం, దాని గురించి ఆలోచన, అందులోంచి ఒక సూత్రం, మళ్లీ ప్రయోగం అని విద్యా సిద్ధాంతకర్త డేవిడ్ కోల్బ్ 1984లో వివరించిన చక్రం ప్రకారం. రిటైలర్ తొందరపాటు గురించి రాస్తే, "ఇందులో నువ్వెక్కడున్నావు?" అని మేడమ్ తిప్పి పంపారు. రెండోసారి బుల్‌విప్ ఎఫెక్ట్ నిర్వచనాలతో నింపాను, అంటే కస్టమర్ దగ్గర వచ్చిన చిన్న మార్పు వెనక్కి పోయేకొద్దీ ఆర్డర్లలో పెద్దదవడం. అదీ వెనక్కే వచ్చింది. మూడోసారి నా ఆర్డర్ షీట్ ముందు పెట్టుకుని, ఒక్కో అంకె పక్కన ఆ వారం నేనేం అనుకున్నానో రాస్తూ పోయాను. అప్పుడు దొరికింది. నేను అప్పటికే అడిగేసిన సరుకు, దారిలో ఉన్న సరుకు, ఎక్కడా లెక్కలోకే తీసుకోలేదు. ఎంఐటీ ప్రొఫెసర్ జాన్ స్టెర్మన్ 1989లో ప్రచురించిన పరిశోధనలో ఆటగాళ్లు చేసే ముఖ్యమైన పొరపాటుగా చూపించింది దీన్నే.

చాలామంది ఈ రెండు పేజీలను ముందురోజు రాత్రి కూర్చుని నింపేస్తారు. నా దృష్టిలో ఆటకన్నా వీటికే ఎక్కువ టైమ్ ఇవ్వాలి.

తర్వాతి సెమిస్టర్ లైవ్ ప్రాజెక్ట్‌లో ఒక చిన్న కంపెనీ గోడౌన్‌కి వెళ్లాం. కొన్ని వస్తువులు గుట్టలుగా పడి ఉంటే, కొన్ని అసలు లేవు. స్టోర్ చూసే ఆయన్ని, అంత ఎక్కువ ఎందుకు తెప్పిస్తున్నారని అడిగాను. "సరుకు లేకపోతే నన్నే కదా బాబూ అంటారు" అన్నారు. ఆయన రిజిస్టర్‌లో వచ్చింది, పోయింది, మిగిలింది అని మూడే గళ్లున్నాయి. నా షీట్ గుర్తొచ్చింది. నేను చేసిన పొరపాటంతా ఆయనకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, స్కేలు తీసుకుని, అప్పటికప్పుడే నాలుగో గడి గీశారు. "పైన ఏమని రాయమంటారు?" అని అడిగారు.

"దారిలో ఉన్నది" అని రాయమన్నాను.